పాలిష్ మీద పెయింట్

కాలిఫోర్నియాలోని పాసడీనా నగరంలో గ్యాంబుల్ హౌస్ అని ఒక ఇల్లుంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సబ్బుల కంపెనీ కుటుంబంలో రెండో తరం మనిషి డేవిడ్ గ్యాంబుల్, ఆయన భార్య మేరీ చలికాలం గడపడానికి 1908లో కట్టించుకున్నారు. ప్లాను గీసింది చార్లెస్ గ్రీన్, హెన్రీ గ్రీన్ అనే అన్నదమ్ములు. లోపల ఎటు చూసినా చెక్కే. టేకు, మహాగని, ఓక్ అన్నీ ఉన్నాయి. అంచులన్నీ చేత్తో రుద్ది రుద్ది గుండ్రం చేశారు. ఎక్కడ తడిమినా మొనదేలిన మూల తగలదు. దంపతులు పోయాక, 1940ల్లో వారసులు ఆ ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ చెక్కంతటికీ తెల్లరంగు కొట్టించాలని తమలో తాము అనుకుంటుంటే అది వారసుల చెవిన పడింది. అంతే, అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. 1966లో ఇంటిని పాసడీనా నగరానికి అప్పగించారు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగం దాని బాగోగుల్లో భాగస్వామి అయింది. ఇవాళ టిక్కెట్టు కొనుక్కుని చూసే ఇల్లది. ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ సినిమా చూసినవాళ్లకు డాక్ బ్రౌన్ ఇంటి బయటి భాగంగా గుర్తుండే ఉంటుంది.

ఆ కొనేవాళ్లను వెటకారం చేయడం తేలిక. కానీ వాళ్లు తమ కాలం మాటే మాట్లాడారు. అమెరికాలో ఇంటి చెక్కపని మీద తెల్లరంగు వేయాలా, పాలిష్ అలాగే ఉంచాలా అన్నది నూరేళ్ల పైబడిన తగువు. ఏ తరానికి ఆ తరం ఇంకోలా తీర్పు చెబుతూ వస్తోంది. ఇప్పుడు అక్కడ గాలి మళ్లీ తెలుపు వైపే వీస్తోంది. మన ఊళ్లలో కొత్త అపార్టుమెంట్లూ అదే ఫొటోలు చూసి అదే దారి పట్టాయి. వాళ్లు ఈ పని వందసార్లు చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి. రంగుతో పాటు అవి కూడా తెచ్చుకుంటే బాగుండేది.

ముందు, వాళ్ల ఇళ్లలో అంత చెక్క ఎందుకుంటుందో చెప్పాలి. అక్కడి ఇల్లు చాలావరకు కర్ర చట్రం మీద లేస్తుంది. గోడలంటే ఆ చట్రానికి బిగించిన జిప్సం పలకలు. పలక నేలను తాకే చోట సందు, తలుపు చట్రాన్ని కలిసే చోట సందు, కొన్ని ఇళ్లలో కప్పును కలిసే చోటా సందు. వాటిని మూయడానికి చెక్క పట్టీలు కొడతారు. నేల వెంబడి ఒకటి, ప్రతి తలుపు చుట్టూ, ప్రతి కిటికీ చుట్టూ ఒకటి. మన దగ్గర సిమెంటు పూత నేరుగా ద్వారబంధం దాకా వస్తుంది, నేల అంచున స్కర్టింగు టైలుదో రాయిదో అయి ఉంటుంది. మనకు చెక్కపని అంటే గుమ్మాలు, తలుపులు, కిటికీలు, ఈమధ్య కప్‌బోర్డులు. వాళ్ల మామూలు ఇంట్లో ఈ పట్టీలే వందల అడుగులు వస్తాయి. గది ముఖం మారాలంటే వాటి రంగు మారిస్తే చాలు. అందుకే అది అంత తగువు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ ముదురు చెక్కకు గొప్ప గౌరవం ఉండేది. గుస్టావ్ స్టిక్లీ అనే ఫర్నిచర్ తయారీదారు 1901 నుంచి 1916 దాకా ‘ద క్రాఫ్ట్స్‌మన్’ అనే పత్రిక నడిపాడు. యంత్రం మీద చేసిన నగిషీల కన్నా సాదా చెక్క, చేతిపని గొప్పవని ఆయన వాదం. ఓక్ చెక్కకు రంగు తేవడానికి వాళ్లు వాడిన పద్ధతి తమాషాగా ఉంటుంది. సామాను మూసిన గదిలో పెట్టి అమ్మోనియా ఆవిరి పట్టిస్తారు. ఓక్‌లో ఉండే టానిన్, అంటే కరక్కాయలోనూ తుమ్మ బెరడులోనూ ఉండే వగరు పదార్థం, ఆ ఆవిరి తగిలి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. పైన పూసిన రంగు కాదది, చెక్క లోపలి నుంచి వచ్చినది. ఈ టానిన్ సంగతి గుర్తుంచుకోండి, తెల్లరంగు వేసేటప్పుడు ఇదే అడ్డం తిరుగుతుంది.

అయితే ఆ కాలపు ఇళ్లలో కూడా అంతా ముదురు చెక్క కాదు. ముందుగదికి, భోజనాల గదికి ఓక్ పాలిష్. పడకగదులు, వంటిల్లు, స్నానాలగదుల్లో చవక పైన్ చెక్క, దాని మీద తెల్ల ఎనామిల్. తెలుపైతే మురికి కనపడుతుంది, కడుక్కోవచ్చు, ఆరోగ్యం అని. అంటే ఒకే ఇంట్లో రెండు నీతులూ ఉండేవి. చుట్టాలు కూర్చునే చోట ఒకటి, ఇంటివాళ్లు తిరిగే చోట ఇంకొకటి. పాత ఇళ్లను అసలు రూపానికి తెస్తామంటూ పడకగది పట్టీల మీది పెయింటు కూడా గీకేసేవాళ్లకు ఈ చరిత్ర తెలియదు. అక్కడ పెయింటే అసలు రూపం.

తరవాత గాలి తిరిగింది. చీకటి గదులు పాతబడిపోయాయి, ఓక్ మీద, మహాగని మీద తెలుపు పడింది. మళ్లీ 1980, 90ల్లో బిల్డర్లు తేనెరంగు ఓక్ పట్టీలు, ఓక్ మెట్ల కమ్మీలు, ఓక్ వంటింటి అలమరాలు వీధులకు వీధులు బిగించారు. పాలీయురెథేన్ పూత వేసి, వెలుగు పడితే నారింజ ఛాయ కొట్టే ఓక్ అది. 2013లో మొదలైన ‘ఫిక్సర్ అప్పర్’ లాంటి టీవీ కార్యక్రమాలు పాత ఇళ్లను తెల్లగా తీర్చి చూపించాక ఆ నారింజ ఛాయ చాలామంది కంటికి ఆనకుండా పోయింది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఆ కాలపు ఇల్లు కొన్న మనవాళ్లు గృహప్రవేశం కాగానే తల పట్టుకునే మొదటి ప్రశ్న ఇదే. ఆయనేమో నిజమైన చెక్కకు పెయింటా అంటాడు, ఆవిడేమో ఈ ఇంట్లో ఎప్పుడూ పొద్దుగూకినట్టే ఉంటుందంటుంది. ఈ ఒక్క విషయంలో తెలుగు దంపతులకూ అమెరికన్ దంపతులకూ తేడా నాకు కనపడలేదు.

మన ఊళ్లలో కథ తిరగబడి నడిచింది. కోస్తాలో రంగూన్ సంపాదనతో కట్టిన పాత మండువా ఇళ్లకు బర్మా టేకు తలుపులుండేవి. వాటి మీద పండగపండక్కీ ఒక కోటు చొప్పున ఆకుపచ్చో నీలమో ఎనామిల్ పడింది. తెలంగాణలో గడీల తలుపులకూ ఈ భోగం తప్పలేదు. గడపకు పసుపు రాసే ఓపిక లేక పసుపురంగు డబ్బా తెచ్చి పూయడం, దాని మీద ఎర్రచుక్కలు పెట్టడం మన ఇళ్లన్నిటా ఉన్నదే. ఇప్పుడు ఆ మందపాటి పొరలు గీకించి టేకు ఈనెలు బయటికి తీయించి, మెలమైన్ పాలిషో పీయూ పాలిషో పెట్టించుకుంటున్నారు. ఇంకోపక్క గేటెడ్ కాలనీ ఫ్లాట్లలో ఐదారేళ్ల కింద పాలిష్ పెట్టించిన తలుపుల మీద తెల్ల డ్యూకో కొట్టించమంటున్నారు. ఒకే మేస్త్రీ పొద్దున ఒక ఇంట్లో పెయింటు గీకి, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో పాలిష్ మీద పెయింటు వేస్తున్నాడు. మొదటి పని మనవాళ్లకు బాగానే పట్టుబడింది. రెండోదానిలోనే తడబాటంతా.

మేస్త్రీలతో ఈ మాట ఎత్తితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. ‘ఏం కాదు సార్, లప్పం పెట్టి రెండు కోట్లు లాగేస్తే అంతా కవరైపోద్ది.’ కవరవుతుంది, నిజమే. పని అయిన రోజు ఆ తలుపు పెళ్లికొడుకులా ఉంటుంది. తరవాత ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. రెండు మూడు వారాలకు గొళ్లెం చుట్టూ, చెయ్యి పడే చోట, గోరు తగిలినంత మేర చిన్న పెచ్చు లేస్తుంది. దాని అంచు కింద గోరు దూర్చి పైకి లాగితే రంగు ప్లాస్టిక్ తొడుగులా సాగి ఊడి వస్తుంది. కింద పాత పాలిష్ చెక్కుచెదరకుండా మెరుస్తూ ఉంటుంది, ఏ గీతా లేకుండా. అంటే పెయింటు దానికి అతుక్కోనే లేదు, ఊరికే మీద కూర్చుంది. నునుపుగా, జిడ్డుగా ఉన్న పూతను పట్టుకోవడానికి కొత్త పూతకు ఆసరా దొరకలేదు.

అమెరికాలో ఇల్లు తామే పెయింటు చేసుకునేవాళ్లు ఎక్కువ, కూలి ఖరీదు అలాంటిది. అందుకని ఈ ఊడిపోయే బాధ కూడా వాళ్లే స్వయంగా పడ్డారు. అక్కడి అనుభవజ్ఞుణ్ణి ఎవరిని కదిపినా మొదట చెప్పేది బ్రష్షు గురించి కాదు, కడగడం గురించి. ట్రైసోడియం ఫాస్ఫేట్ లాంటి జిడ్డు విరిచే పొడి నీళ్లలో కలిపి, ఆ నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిచి ఆరబెడతారు. మన ఇళ్లలో ఈ పని ఇంకా ముఖ్యం. పోపు పొగ వంటింటి గుమ్మం పై పట్టీకి పట్టి బంకగా మారుతుంది. దేవుడి గది తలుపుకు దీపం మసి, అగరొత్తుల జిడ్డు ఉంటాయి. కొబ్బరినూనె తలలు ఆనిన చోట ద్వారబంధం మీద ఒక ఎత్తులో చారే పడి ఉంటుంది. వీటి మీద ఎమరీ పేపరు రుద్దితే జిడ్డు పోదు సరికదా, గీతల్లోకి దిగి కూర్చుంటుంది. కడిగాకే రుద్దాలి. ముందు రుద్ది తరవాత కడగడం మన దగ్గర జరిగే మామూలు పొరపాటు. మూడొంతుల ఇళ్లలో అసలు కడగడమే లేదనుకోండి.

రుద్దడం కూడా ఎంతవరకు అన్నది తెలియాలి. చెక్క బయటపడేదాకా రుద్దనక్కర్లేదు. మెరుపు పోయి, పాలిష్ అంతా సమంగా మసకబారితే చాలు. 150 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగిస్తే సరిపోతుంది. మీద మిగిలిన దుమ్మును తడిగుడ్డతో పూర్తిగా తీసేయాలి. టేకుకైతే ఇంకో మాట ఉంది. చెక్క బయటపడిన చోటల్లా దానిలోని సహజమైన నూనె పైకి వస్తుంది, రంగును పట్టనివ్వదు. ప్రైమర్ వేసే ముందు అక్కడ థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవాలి. ఈ నూనె వల్లే టేకు చెదకు, తేమకు నిలబడుతుంది, రంగుకు లొంగనిదీ ఈ నూనె వల్లే.

ఇక టానిన్ దగ్గరికి వద్దాం. ఓక్ పట్టీ మీద నీళ్ల ఆధారంగా తయారైన తెల్లరంగు వేశారనుకోండి. సాయంత్రానికి ముచ్చటగా ఉంటుంది. మర్నాటికో ఆ మర్నాటికో ఒక చోట టీ ఒలికినట్టు పసుపుగోధుమ మరక కనపడుతుంది. తుడిస్తే పోదు. మీద ఇంకో కోటు వేస్తే అది ఆరేలోపు మరక అందులోంచి కూడా పైకి వస్తుంది. రంగులోని నీళ్లు చెక్కలోకి దిగి, టానిన్‌ను కరిగించి, ఆరేటప్పుడు తమతో పాటు పైకి మోసుకొచ్చాయి. పైన్ చెక్కలో కణుపుల దగ్గర ఇదే పని బంక చేస్తుంది. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి నీళ్లకు రంగు దిగడం మన షుగరు రోగులందరికీ తెలుసు. చెక్క లోపలి రంగు నీళ్లకు ఎంత తేలిగ్గా లొంగుతుందో చూడాలంటే ఆ గ్లాసు చాలు. వేగిస ద్వారబంధం మీద నేరుగా నీళ్ల రంగు వేయిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

దీనికి అక్కడివాళ్లు కనిపెట్టుకున్న మందు లక్క. అవును, మన లక్కే. షెలాక్ ప్రైమర్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్కలో తెల్లని పొడి కలిపినది. అది టానిన్‌ను పైకి రానివ్వదు. ఆరాక నీళ్ల రంగుకూ చెక్కకూ మధ్య అడ్డుగోడగా నిలబడుతుంది. కణుపులు, మరకలు, పొగవాసన, అన్నిటినీ కింద బంధించేస్తుంది. గంటలోపే ఆరిపోతుంది, పాత పాలిష్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ ఈ ప్రైమర్‌కు పేరు మోసిన జిన్సర్ కంపెనీని విలియం జిన్సర్ అనే జర్మన్ వలసవాసి 1849లో న్యూయార్క్‌లో పెట్టాడు, లక్కను తెల్లబరచి అమ్మే వ్యాపారంగా. ఆ లక్క వచ్చేది ఎక్కువగా మన దేశం నుంచే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలను పట్టుకుని రసం పీల్చే చిన్న పురుగు చుట్టూ కట్టుకునే గూడే ముడి లక్క. ఇవాళ్టికీ ఝార్ఖండ్ ఆదివాసీ రైతులు దానికి పెద్ద దిక్కు. రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో 1920ల నుంచి లక్క పరిశోధన సంస్థ ఉంది. ఒకప్పుడు గ్రామఫోను ప్లేట్లు కూడా దీనితోనే పోసేవారు. ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసేది కూడా లక్కే, అంకుడు కర్ర తిరుగుతుంటే ఆ వేడికి కరిగి పట్టినది.

ఇంత మన వస్తువైనా మన పెయింటర్లలో దీన్ని ప్రైమర్‌గా వాడేవాడు అరుదు. పాలిష్ మేస్త్రీల సంచీలో లక్క పొలుసులు, స్పిరిట్ సీసా ఇప్పటికీ ఉంటాయి. పాలిష్ మేస్త్రీ వేరు, పెయింటు మేస్త్రీ వేరు, ఒకరి సంచీ ఒకరు ముట్టుకోరు. అదీ చిక్కు. పాలిష్ మేస్త్రీని ఒక పూట పిలిచి మైనం తీసిన లక్కను పలచగా ఒక కోటు తోలించి, దాని మీద పెయింటు వేయిస్తే మరక సమస్య చాలావరకు తీరుతుంది. అది కుదరకపోతే టర్పెంటైన్‌తో పలచన చేసే నూనె ప్రైమరైనా వేయించాలి. డబ్బా మీద వాటర్ బేస్డ్ అని ఉన్న ప్రైమర్ గోడలకు దివ్యంగా పనిచేస్తుంది, ఇక్కడ మాత్రం వద్దు. ఏది వాడినా కిటికీలు బార్లా తెరిచి ఉండాలి, పొయ్యి వెలిగించకూడదు. స్పిరిట్ ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది.

అసలు కింద ఉన్న పాలిష్ ఏదో తెలుసుకోవడానికి కూడా వాళ్లొక చిన్న పరీక్ష చేస్తారు. కనపడని మూలన దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దుతారు. పూత మెత్తబడి జిగటగా మారితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించకుండా లాకర్ థిన్నర్‌కు మెత్తబడితే లాకర్. రెండింటికీ కదలకపోతే వార్నిషో పాలీయురెథేనో. నీటి చుక్క వేస్తే తామరాకు మీదలా గుండ్రంగా నిలబడిపోతే మైనం ఉండొచ్చు. మైనం ఉంటే దాన్ని టర్పెంటైన్‌తో తుడిచి తీసేదాకా ఏ పెయింటూ నిలవదు. రెండు నిమిషాల పని. దీనికి మేస్త్రీ కూడా అక్కర్లేదు.

తెలుపు వేశాక బయటపడే ఇంకో సంగతి సందులు. ముదురు చెక్క పక్కన సన్నని సందు నీడలో కలిసిపోతుంది. అదే పట్టీ తెల్లబడితే గోడకూ దానికీ మధ్య సందు కాటుక గీత గీసినట్టు కనపడుతుంది. ప్రైమర్ వేసిన తరవాత, పై కోట్లకు ముందు, పెయింటు పట్టే యాక్రిలిక్ సీలెంటుతో ఆ సందులు నింపుతారు. పెయింటు పట్టని సిలికాన్ సీలెంటు నింపి, తరవాత దాని మీద రంగు నిలవక తిట్టుకునేవాళ్లు రెండు దేశాల్లోనూ ఉన్నారు. ఓక్‌కైతే ఈనెల రంధ్రాలు మరీ లోతు. ఎన్ని కోట్లు వేసినా తెలుపు కింద నుంచి గీతలు గీతలుగా కనపడతాయి. వాటిని నింపడానికి వేరే పేస్టు ఉంది, ఓపికా కావాలి. మన లప్పం ఇక్కడికి పనికొస్తుంది, పలచగా తోలితే. మన అలవాటేమో మందంగా పెట్టడం. చెక్క వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంగుతుంటే మందపాటి లప్పం దానితో పాటు కదలలేక బీటలు వారుతుంది, అంచుల్లో పెచ్చులుగా రాలుతుంది.

పై రంగు విషయంలో వాళ్లు ఈమధ్య మారారు. నూనె ఎనామిల్ గట్టిగా, అద్దంలా వస్తుంది గానీ, వెలుతురు తగలని చోట తెల్ల ఎనామిల్ ఏడాది రెండేళ్లలో పసుపు తిరుగుతుంది. నీళ్ల ఆధారమైన ఎనామిల్‌కు ఆ బాధ తక్కువ. పలచగా రెండు కోట్లు, మధ్యలో 320 కాగితంతో తేలిగ్గా ఒక రుద్దు. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది ఆగడం. పెయింటు నాలుగు గంటల్లో ఆరుతుంది, కానీ గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ తేడా తెలియక, సంక్రాంతి రేపనగా రంగు వేయించి, రాత్రికి తలుపు మూసి గడియ పెట్టి, పొద్దున లాగితే చట్రానికి అతుక్కున్న రంగు చట్రంతోనే ఉండిపోతుంది. పెళ్లి ముహూర్తానికి ముందు వారం పెట్టుకునే పని కాదిది. మన గాలిలో తేమకు ఇంకాస్త ఎక్కువే పడుతుంది. వానాకాలం అసలు మొదలుపెట్టకపోవడం మేలు.

ఒక భయం మాత్రం వాళ్ల నుంచి తప్పకుండా తెచ్చుకోవాలి. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇంటి పాత పెయింటును చేత్తో ముట్టే ముందు సీసం ఉందేమో చూస్తారు. ఇళ్లలో సీసం పెయింటును ఆ ఏడాది నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇళ్లలో కూలికి పెయింటు పని చేసేవాళ్లు శిక్షణ తీసుకుని ధ్రువపత్రం పొందాలన్న నిబంధన 2010 నుంచి అమల్లో ఉంది. ఎందుకంటే పొడిగా రుద్దితే లేచే ధూళి పిల్లల ఒంట్లోకి పోయి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల్లో 90 భాగాలు మించకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంటే మన పాత తలుపుల మీద పొరలు పొరలుగా ఉన్న ఆ ఆకుపచ్చ, పసుపు ఎనామిల్‌లో సీసం ఉండి ఉండొచ్చని అనుకునే పని మొదలుపెట్టాలి. కానీ మన వీధుల్లో తాత కాలం తలుపు అరుగు మీద పడేసి, గ్రైండరుకు కాగితపు చక్రం బిగించి రుద్దుతుంటే ఆ ధూళిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. రుద్దేవాడి మూతికి చేతిరుమాలు కూడా ఉండదు. తడిపి రుద్దడం, లేదా పెయింటు రిమూవరు రాసి గీకడం, పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచడం, గీకిన చెత్త మూటగట్టి పారేయడం, ఇవన్నీ పెద్దగా డబ్బు ఖర్చు లేని జాగ్రత్తలు. తెల్లరంగు ఫ్యాషన్ మనకు చేరినంత త్వరగా ఈ జాగ్రత్త చేరకపోవడం నాకు మింగుడుపడని విషయం.

ఇంతకీ వేయాలా వద్దా? అది కింద ఉన్న చెక్కను బట్టి ఉంటుంది. 1904లో న్యూయార్క్‌లో చెస్ట్‌నట్ చెట్లకు ఒక బూజు తెగులు సోకినట్టు గమనించారు. అర్ధ శతాబ్దం గడిచేసరికి తూర్పు అమెరికా అడవుల్లో వందల కోట్ల చెట్లు పోయాయి. ఆ చెక్కతో కొట్టిన పట్టీలు ఇప్పటికీ కొన్ని పాత ఇళ్లలో ఉన్నాయి. వాటి మీద తెల్లరంగు వేసినవాడికి వేరే చోటి నుంచి కొత్త చెక్క తెచ్చుకునే అవకాశం లేదు. మన పాత బర్మా టేకు ఆ కోవలోదే. అంత ముదిరిన మాను, అంత దగ్గర ఈనెలు ఇప్పటి తోట టేకులో రావు. అలాంటి గుమ్మానికి పెయింటు వేయకండి అనే నేనంటాను. నల్లబడి ఉంటే ముందు కడిగి చూడండి. చాలాసార్లు నల్లదనం పాలిష్‌ది కాదు, దాని మీది మురికిది. లక్క పాలిష్ అయితే స్పిరిట్‌తోనే దాన్ని మళ్లీ సరిచేయవచ్చు.

బిల్డరు పెట్టిచ్చిన ఫ్లష్ తలుపు సంగతి వేరు. పైన ఉన్నది కాగితమంత పలచని పొర, లోపల ముక్కచెక్క. దాని పాలిష్ మీద పెయింటు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. డాలస్ ఇంట్లోని తేనెరంగు ఓక్ కూడా అంతే. ఓక్ అక్కడ అడవినిండా ఉంది, రేపు దుకాణానికి వెళితే అదే పట్టీ దొరుకుతుంది. చెక్క మీద చెయ్యి వేయడం పాపం అనే మగవాళ్ల మొండితనం ఇక్కడ అనవసరం. ఇంట్లో వెలుతురు కావాలన్న ఆవిడ మాట నెగ్గనివ్వండి.

ఈ రెండింటికీ మధ్యన పడేవాళ్లకు అక్కడి పాత ఇళ్ల బాగుచేతగాళ్లు చెప్పే కిటుకు ఒకటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పచ్చి చెక్క మీద పెయింటు వేస్తే అది ఈనెల రంధ్రాల్లోకి దిగి మళ్లీ పూర్తిగా రాదు. అదే పాత లక్కో వార్నిషో కింద ఉండగా దాని మీద పెయింటు పడితే రంధ్రాలు అప్పటికే మూసుకుని ఉంటాయి. యాభై ఏళ్ల తరవాత ఎవరైనా పెయింటు తీయాలనుకుంటే పెయింటూ కింది పూతా కలిసి లేచివస్తాయి, చెక్క శుభ్రంగా మిగులుతుంది. కాబట్టి మంచి చెక్కకు తెలుపు వేయక తప్పనప్పుడు పాత పాలిష్‌ను గీకి పారేయకండి. కడిగి, మెరుపు మాత్రం పోగొట్టి, లక్క కోటు వేసి, ఆపైన రంగు వేయించండి. మేస్త్రీ పచ్చి చెక్క దాకా మెషీను పెడతానంటే వద్దనండి. అతనికి అది శ్రద్ధగా కనిపిస్తుంది, పైగా బిల్లు కూడా పెరుగుతుంది.

ఏ నిర్ణయమైనా ఇల్లంతటికీ ఒకేసారి పురమాయించకండి. ఇంట్లో ఎవరి కంటా పడని అటక తలుపు లోపలి వైపు ఒక జానెడు మేర ఈ క్రమం మొత్తం చేయించండి, కడగడం నుంచి రెండో కోటు దాకా. నాలుగు వారాలు ఆగి గోటితో గీకి చూడండి. మరక రాకపోతే, పెచ్చు లేవకపోతే అప్పుడు మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి.